కొండవ్వ కొన్న ముకుతాడు

ఏందే బిడ్డా, ఏంది గా ఒర్రుడు? సైకిల్ పక్కకు వెట్టు. వెట్టు ముందుగాల. గా ఆటో పిలగాడు ఏడికి వోతలేడు, గాడ హోటల్ కాడ ఛాయ్ తాగుతుండు, నువ్వు తిట్టిన తిట్లు అరగాలె గదా వానికి. ఇటు రా, ఈ అరుగు మీద కూసొ. తైబజారు దుర్గయ్య బిడ్డవు గదా నువ్వు? అగో, అనుకున్న. గా ముక్కు సూడంగనే ఎరుకైంది. పేరేంది? జ్ఞానేశ్వరి. మంచిగుంది. పేర్ల వెట్టిన జ్ఞానం జరంత నోట్ల గూడ వెడితె అయిపోవు మీ బాపు. నవ్వకు నవ్వకు. వాని ఆటో తాకి సైకిల్ చక్రం జర వంకర వోయింది, గంతే గదా. నేను తాళ్లమ్మేటోణ్ని, పగ్గాలు, ముకుతాళ్లు, ఎడ్ల మెడల గంటలు, గిసోంటియి ఉంటయి నా కాడ, చక్రం సక్కజేసుడు రాదు, లేకుంటె నేనే జేద్దును. ఏమన్నవు వాన్ని? "నీ చేతులిరగ, నీ ఆటో బొందల వడ." ఇన్న, అన్ని ఇన్న. ఈ దుకాణంల కూసొని నా నెత్తి తెల్లగైంది, ఈ బజార్ల నేను ఇనని తిట్టు లేదు. నీయి గూడ తిట్లేనా? ఉప్పెయ్యని పప్పు లెక్కున్నయి. తిట్లంటె కొండవ్వయి. నువ్వు కూసున్నవు సూడు, గదే బండ. గాడ్నే గంప వెట్టుకొని కూసుంటుండె కొండవ్వ.

ఎవలా? కొండవ్వ ఎవలని అడుగుతున్నవా? మీ బాపు ఎన్నడు జెప్పలేదా? ఆఁ, ఎట్ల జెప్తడు, గండ్ల ఆయన సంగతి గూడ ఉన్నది గదా. నేను జెప్త. ఛాయ్ తాగుతవా? నాకు షక్కర బందు వెట్టిన్రు, నువ్వు తాగు, నేను వాసన సూత్త. కొండవ్వది మిరుదొడ్డి దిక్కు ఊరు. పొద్దుగాల బస్సుల గంప ఏసుకొని దిగుతుండె, వంకాయలు, టమాటలు, కాలమొస్తె జామపండ్లు. పొడుగు మనిషి, గట్టి మనిషి. మొగడు దుబ్బయ్య, పాపం మస్తు సాదు మనిషి, అప్పటికే సచ్చిపోయిండు. పిల్లల్లేరు. కిరస్తానం వాళ్లు, ఐతారం వచ్చిందంటె చర్చి తప్పకపోవు. ఇది ఎనభై రెండో, ఎనభై మూడో, నువ్వు పుట్టిన ఏడే, నువ్వే లెక్కేసుకో. ఆమె తిట్టుడుకు ఒక రాగం ఉండేది బిడ్డా. మొదలు సన్నగ లేస్తది, నడుమ గుంజుతది, సివరికి దబ్బున ఇడుస్తది. "నీ ఇల్లు గూ...ల! నిన్ను గత్తరెత్తుక వో...ను!" అన్నదనుకో, గా ఎదురుంగ బట్టల దుకాణం రాధాబాయి లేదూ, గజం కట్టె చేతుల వట్టుకొని గట్లనే నిలవడుతుండె, బట్ట కొలుసుడు మర్శి. బర్రెలు గూడ తొవ్వ ఇస్తుండె. నేనైతె ఆమె గంప నా దుకాణం ముంగట ఉన్నదని సంబరపడుతుంటి, గిరాకి లేకున్నా పొద్దువోతుండె.

మల్ల ఏమైందంటె, క్రిస్మస్ నాడు వాళ్ల చర్చి కాడ అందరికి కలిపి వంట. యాట గోసిన్రు. వడ్డియ్యంగ నల్లి బొక్క వోయి పోచవ్వ ఇస్తార్ల వడ్డది. పోచవ్వ అంటె కొండవ్వ పక్కింటామె. నల్లి బొక్క ఎరుకే గదా, లోపలి మూలుగ జుర్రుకుంటరు. "గది నాకు రావాలె, మసాల నూరింది నేను" అని ఈమె. "నీ ఇస్తార్ల వడలే, నేనేం జేద్దు" అని ఆమె. ఇగ సురువు జేసింది కొండవ్వ. చర్చి వాకిట్ల, పండుగ నాడు, గా గత్తర రాగం. పిల్లలు ఏడ్సిన్రంట, కోళ్లు వోయి గడ్డివాము ఎక్కినయంట. వాళ్ల పాస్టరయ్య పేరు యోబు, సన్నటి మనిషి, నాకు బాగ ఎరుకే, బాయి తాడుకు నా కాడికే వచ్చేటోడు. ఆయన గరం గాలే. మెల్లగ అన్నడంట, "కొండవ్వా, గీ నోటితోనె ప్రభువు రొట్టె తింటవు, గీ నోటితోనె పక్కింటామెకు గత్తర రావాలంటవు. ఒక్క నోట్ల రెండు ఎట్ల వడుతయి? ఈస్టర్ దాక బల్ల కాడికి రాకు. అప్పటిదాక ఎవ్వల్ని తిట్టకుంట ఉండు, ఆనాడు నేనే పిలుస్త." బల్ల అంటె నీకెరుక లేదు గదా, నాకు గూడ ఆమెనే జెప్పింది. చర్చిల ముంగట అందరు వరుసగ మోకాళ్ల మీద కూసుంటరు, ప్రభువు పేరు మీద రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇస్తరు. గంతేనా అనుకున్న. "కొన్నొద్దులు తప్పితె ఏమైతది కొండవ్వా, రొట్టె హోటల్ల గూడ దొరుకుతది" అన్న. అన్ననే గని తిట్టు వడ్తదని తల వంచుకున్న. వడలే. తలెత్తి సూస్తె ఏడుస్తుంది. కొండవ్వ ఏడ్సుడు నేను గదే మొదలు సూసుడు. "దుబ్బయ్య, నేను పక్కపక్కకే మోకరిస్తుంటిమి నాగేశం. ఆయన వోయినంక గూడ పక్కకు జాగ ఇడ్సిపెట్టి మోకరిస్త. కండ్లు మూసుకున్నంత సేపు ఆయన గాడ ఉన్నట్టే ఉంటది. ఇంట్ల అట్ల అనిపియ్యది. సమాధి కాడ గూడ అనిపియ్యది. గాడ్నే అనిపిస్తది. గది గూడ వోతె ఇగ నాకేమున్నది?" అన్నది.

తెల్లారి వచ్చి, "ఒక ముకుతాడు ఇయ్యి" అన్నది. "నీకు ఎడ్లెక్కడియి?" అన్న. "ఎద్దుకు గాదు, నాకు" అన్నది. గట్టిది ఏరుకొని, గుంజి జూసి, ఎడమ చేతికి సుట్టుకున్నది. కోపమొస్తె గది గుంజుకోవాలనంట. పాస్టరయ్య ఏదో మాట జెప్పిండంట, ఆశానిగ్రహం, గదీ, నాకు సక్కగ నోరు తిరగది, మనసు ఉరకంగ వట్టి ఆపుకొనుడు అన్నట్టు. ఇగ గుంజుడే గుంజుడు బిడ్డా. గిరాకి వంకాయ ఇరిసి పుచ్చన్నదంటె గుంజు. ఎవడన్న గంప పక్కకు ఉమ్మేస్తె గుంజు. చెయ్యి వాసింది. మొఖం ఎర్రగై, నోట్ల కొంగు కుక్కుకొని, పొయ్యి మీద ఎసరు లెక్క కుతకుత ఉడుకుతుండె. నాకు భయమైంది, గీమె తిట్టక సస్తదేమో అని. నువ్వు నవ్వుతున్నవు గని, నా మీద వడ్తది గదా పాపం, తాడమ్మింది నేనే.

ఒకనాడు రాధాబాయి వచ్చింది. గంప అడుగుదాక తిరగేసి, ఒక్కొక్క టమాటను వొత్తి సూసి, ఆఖరికి "వద్దులే, మెత్తగున్నయి" అని లేసింది. వొత్తినంక మెత్తగ గాకుంట ఉంటయా? కొండవ్వ తాడు గుంజింది. మల్ల గుంజింది. తాడు తెగలే, నా సరుకు తెగది, గని ఆమె ఓపిక తెగింది. నోరు తెరిసింది, రాగం లేసింది, "రాధాబాయీ! నీ ఇల్లూ..." బజారంత ఆగింది. గప్పుడు యాదికొచ్చినట్టుంది ఆమెకు, కండ్లు ఇంతింత అయినయి. రాగం ఆపవశం గాదు. మాట మలిపింది. "నీ ఇల్లు ని...లువ! నీ బీరువాల చీరెలు పట్టక బయట వ...డ! నీ కోడలు నిన్ను నెత్తిమీద వెట్టుకొని సూ...డ!" గదే ఒర్రుడు, గదే చెయ్యి తిప్పుడు, గవే ఎర్ర కండ్లు. మాటలొక్కటే దీవెనలు. రాధాబాయి నా దుకాణంలకు ఉరికొచ్చింది. "నాగేశం భయ్యా, గామె నాకేమో జేసింది. తిట్లు ఎన్నిసార్లు తిన్ననో, ఏం గాలే. గిదేందో కొత్తది. వాపసు తీసుకొమ్మని జెప్పు" అన్నది. ఆనాడే దుకాణానికి నిమ్మకాయ, మిరపకాయలు గట్టుకున్నది.

గట్ల సురువైంది. గిట్ల జెయ్యొచ్చునా అని పాస్టరయ్యను అడిగిందంట. ఆయన నవ్వాపుకోలేక, "శాపం వెట్టెటోళ్లను దీవించుమని ప్రభువు జెప్పిండు, ఏ రాగంల అని జెప్పలే" అన్నడంట. ఇగ సూడు మా బజారు. "నీ బర్రె కుండలు నిండ పాలి...య్య!" "నీ నెత్తి మీద పిడుగూ... వడకుంట వో...ను!" తిట్లకు అలవాటైన జనం దీవెనలకు గజగజ వణికిన్రు. కాలేజి పోరగాండ్లకు ఎట్ల సమజైందో ఏమో, పరీక్షలొస్తున్నయంటె కావాలని ఒక జామపండు ఎత్తుకొని ఉరుకుతుండిరి. ఎనుకకెల్లి వస్తుండె, "ఓ ఉరికెటోడా, ఫస్టు క్లాసుల పాసు గా...ను!" గాళ్లకు గావాల్సింది గదే. నేను మస్తు మెచ్చుకున్న. "నీకు కోపమే పోయింది గదా కొండవ్వా" అన్న. ఒప్పుకోలే. "యాడ వోయింది? జరంత గూడ తగ్గలే. లోపలికెల్లి తిట్టే లేస్తది. నోటి కాడికొచ్చినంక మలుపుతున్న, గంతే. గిది మంచితనం గాదు నాగేశం, దేవునికి ఎరుకే" అన్నది. గట్ల ఉన్నదున్నట్టు జెప్పెటోళ్లు మా దిక్కు తక్కువ.

ఇగ ఈస్టర్ ముందటి శనివారం. తెల్లారితె పండుగ. క్రిస్మస్ కాడికెల్లి ఒక్క తిట్టు లేదు. తెల్లచీరె ఉతికి మడత వెట్టి వచ్చిందంట, నాతోని, "రేపు దుబ్బయ్య కాడికి వోత నాగేశం" అన్నది, సిన్నపోరి లెక్క. గప్పుడొచ్చిండు మీ బాపు. తైబజారు గుత్తేదారు కాడ మనిషి గదా, రోజు గంపల పైసలు వసూలుకు నవ్వుకుంట వచ్చేటోడు, ఆనాడు మొఖం మాడిపోయున్నది. "గంప ఎనుకకు జరుపు" అన్నడు. "ఈ గిరాకిని వోనియ్యి, జరుపుత" అన్నది. తన్నిండు. గట్ల సూడకు బిడ్డా, మీ బాపే. కాలెత్తి గంపను తన్నిండు. టమాటలు బజారంత దొర్లినయి, ఎదురుంగ వస్తున్న బస్సు వాటి మీదికెల్లి వోయింది.

ఇప్పుడు జెప్పు, నువ్వైతె ఏం జేద్దువు? చక్రం వంకర వోతెనే వాని చేతులిరగ్గొడితివి. బజారంత జమైంది. నాకైతె ఒకటే గుబులు. ఒక్క తిట్టు ఇడిస్తె బల్ల వాయె, బల్ల వోతె దుబ్బయ్య మల్ల వాయె. "కొండవ్వా, తాడు, తాడు గుంజు!" అని నేను ఈడికెల్లి ఒర్రుతున్న. లేసి నిలవడ్డది. మీ బాపు ఎనుకకు జరగలే, తిట్టుతవా తిట్టు అన్నట్టు సూస్తుండు. రాగం లేసింది. గంత పెద్దగ లేసుడు నేను ఎన్నడు ఇనలే. "దుర్గయ్యా! నీ కడుపు స...ల్లగుండ! నీ బిడ్డ నూరేండ్లు బతు...క! నీ బిడ్డ ఏడుపు ఈ బజారంత ఇన...వడ!"

మీ బాపు కూలవడ్డడు. నిజంగ, గా టమాటల రసంల కూలవడి, రెండు చేతులు మొఖానికి వెట్టుకొని ఏడ్సిండు. ఎవలకు సమజు గాలే. కొండవ్వకు గూడ గాలే. "నేను తిట్టలే, నేను తిట్టలే నాగేశం, నువ్వే సాక్ష్యం" అని నా దిక్కు జూస్తుంది. గప్పుడు జెప్పిండు. ముందునాడే మీ అవ్వ అంజవ్వకు సర్కారు దవాఖానల కాన్పయింది, నెలలు నిండకముందే. ఆడపిల్ల. గుప్పెడంత ఉన్నది, ఏడుస్తలేదు, పాలు గుంజుతలేదు. ఇప్పుడే ఏం జెప్పలేం, సూడాలె అన్నరంట డాక్టర్లు. గాడ నిలవడలేక ఈడికొచ్చి గంపల మీద తీసిండు కోపం. ఒక్కసారి ఏడిస్తె సాలు, ఒక్కసారి ఏడిస్తె సాలు అని దేవుళ్లందరికి మొక్కి వస్తుండు, ఎవలో ఆమె బజార్ల నిలవడి నీ బిడ్డ ఏడుపు బజారంత ఇనవడ అన్నది. ఎట్లుంటది మనిషికి? ఆఁ. గా బిడ్డవు నువ్వే. ఛాయ్ తాగు, సల్లారుతుంది.

కొండవ్వ చేతులు కొంగుకు తుడుసుకొని, "నడు" అన్నది మీ బాపును. గంప గీడ్నే ఉన్నది. నేను దుకాణం మూసి గంజి తీసుకొని దవాఖానకు వోయిన. వోయి సూస్తె, మీ అవ్వకు జెరం, కండ్లు తెరుస్తలేదు. పోరికి వెచ్చగుండాలె, ఎవలన్న ఒంటికి ఆనిచ్చుకొని కూసోవాలె అన్నదంట నర్సమ్మ. మీ ఇంట్ల ఆడదిక్కు ఎవలున్నరు అప్పుడు? కొండవ్వనే కింద కూసొని, నిన్ను రొమ్ముకు ఆనిచ్చుకొని, మీదికెల్లి కొంగు కప్పుకొని, నీతోని ముచ్చట వెడుతుంది. గదే రాగం, గని లాలి పాడినంత మెల్లగ. "ఏడువ్వే, నీ నోరు సల్లగుండ, ఏడువ్వే." నేను జెప్పిన, "కొండవ్వా, ఆఖరి బస్సు వోతుంది. తెల్లారితె ఈస్టర్." నా దిక్కు జూసింది. కిటికీలకెల్లి బస్టాండు దిక్కు జూసింది. కొంగు జరిపి నిన్ను జూసింది. ఆమె మొఖం ఇప్పటికి నా కండ్లల్ల ఉన్నది బిడ్డా. గన్ని దినాలు పండ్లు గొరుక్కొని వట్టుకున్నది గా ఒక్క పొద్దు కోసమే గదా. "బస్సు వోనియ్యి" అన్నది. నాకు ఏడుపాగలే, బస్టాండుకు ఉరికిన, కండక్టరుకు జెప్పి పంపిన, యోబు పాస్టరయ్యకు ఈ ముచ్చట జెప్పు, కొండవ్వ పండుగకు రాదని జెప్పు అని.

ఏడ్సినవా లేదా అని అడుగుతున్నవా? తెల్లారంగ ఏడ్సినవంట. మొదలు పిల్లిపిల్ల లెక్క సన్నగ ఒకసారి, మల్ల అందుకున్నవు సూడు, దవాఖానంత లేపినవంట. ఇయ్యాల్టిదాక ఆపలే నువ్వు. గా ఆటో పిలగాణ్ని అడుగు.

ఆరాధన అయిపోంగనే పాస్టరయ్య బస్సు దిగిండు, సంకల సంచి. ఎనుక పోచవ్వ, చేతుల టిఫిను డబ్బ. నేను గూడ గాడ్నే ఉన్న, దవాఖాన వరండల కొండవ్వను అడిగిండు, "ఎవల్నన్న తిట్టినవా కొండవ్వా?" ఔననో లేదనో జెప్తె అయిపోవు గదా. "నోటితోని తిట్టలే అయ్యా. కడుపుల మస్తు తిట్టిన. దుర్గయ్యనైతె నరకం దాక తోలిన. పైకొచ్చిన దీవెనలన్ని అబద్ధం. ఈ పోరిది గూడ నిన్న బజార్ల అబద్ధమే. ఈడికొచ్చి దీన్ని వట్టుకున్నంక నిజమైంది. గదొక్కటే నిజం." పాస్టరయ్య కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "నేను ఈస్టర్ నాడు పిలుస్త అన్న గదా. రా" అన్నడు. వరండల బెంచి మీద తెల్లబట్ట పరిసి, రొట్టె తీసిండు, చిన్న సీస తీసిండు. గదే బల్ల. కొండవ్వ నిన్ను రొమ్ముకు వట్టుకొనే మోకరించింది, పక్కకు జాగ ఇడ్సి. నాకెరుకే ఆ జాగ ఎవలిదో. మీ బాపుకు ఎరుక లేదు గదా, పాపం, వోయి సక్కగ గాడ్నే మోకరించిండు, చేతులు జోడిచ్చి. కొండవ్వ కండ్లు తెరిసి పక్కకు జూసింది. దుబ్బయ్య ఉండాల్సిన కాడ, గంప తన్నిన దుర్గయ్య. లేసింది రాగం అనుకున్న. లేవలే. "జర ఇటు జరుగు కొడుకా, గాడ బండ పగిలున్నది, మోకాలికి గుచ్చుకుంటది" అన్నది. మెల్లగ, రాగం లేకుంట. మల్ల కండ్లు మూసుకున్నది. మొఖం నిమ్మలంగున్నది.

అయినంక పోచవ్వ డబ్బ తెరిసింది. పండుగ కూర, మీద నల్లి బొక్క. "నీ కోసమే తీసిపెట్టిన" అన్నది. కొండవ్వ దాన్ని నోట్ల వెట్టుకొని జుర్రి, "పోచవ్వా! నీ ఇల్లూ..." అన్నది. పోచవ్వ రెండు చెవులు మూసుకున్నది. "...ని...లువ! మసాల ఎవలు నూరిన్రే, ఉప్పే లేదు!" వరండల ఉన్న రోగులు గూడ నవ్విన్రు బిడ్డా, సూదులు పొడిపిచ్చుకుంటనే నవ్విన్రు.

సోమవారం గంప కోసం వచ్చి, చేతికెల్లి ముకుతాడు ఇప్పి నా ముంగట వెట్టింది. "గిది మనుషులకు పనిజెయ్యది నాగేశం, ఎద్దుకు అమ్ముకో" అన్నది. నేను అమ్మలే. అగో, గా మేకుకు వేలాడుతుంది సూడు, మీద దుమ్ము వడ్డది, గదే. నువ్వు చిన్నగున్నప్పుడే వోయింది కొండవ్వ, వానకాలం జెరమొచ్చి. మీ బాపు పెట్టె మోసిండు. దుబ్బయ్య పక్కకే పెట్టిన్రు ఆమెను. గప్పటిసంది ఈ బండ మీద ఎవల్ని గంప వెట్టనియ్యడు మీ బాపు. కొత్తగొచ్చినోళ్లు అడుగుతరు, ఖాళీనే ఉన్నది గదా అని. "ఉండనియ్యి, గా జాగ ఉండనియ్యి" అంటడు. నిన్ను ఇయ్యాల నేనే కూసోవెట్టిన గాడ.

ఏందే, కండ్లల్ల నీళ్లేంది? తుడుసుకో. అగో, గా ఆటో పిలగాడు ఛాయ్ తాగి లేసిండు, పో. మాఫీ గీఫీ అడగకు, గాదు, తిట్టిన నోరు తిట్టినట్టే ఉండాలె, మాట మలుపు. మొదలు సన్నగ... ఆఁ... "నీ ఆటో"... గింత సన్నగనా? గట్టిగ! నువ్వు ఒర్రితె బజారంత ఇనవడాలె, ఊకెనే అన్నదా ఆమె? నడుమ గుంజు, సివరికి దబ్బున... ఆఁ. గదీ. గదే. అగో, రాధాబాయి... గజం కట్టె వట్టుకొని బయటికొచ్చింది.